చార్మినార్ సిగరెట్టు: అరువు ప్రతిష్ఠ, పేరు మీది హక్కు

వ్యాససంగ్రహం:

జంటనగరాలలో తయారై దేశమంతటా అమ్ముడైన చార్మినార్ సిగరెట్టును నగర స్మృతికి ఒక చిహ్నంగా చెప్పుకోవడం రివాజైంది. ఆ సిగరెట్టు పెట్టెను ఒక పాఠంగా స్వీకరించి, దాని ప్రజాదరణలో పేరుకు, బొమ్మకు ఉన్న పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1959, 1996 సంవత్సరాల సుప్రీంకోర్టు తీర్పులు, పెట్టె మీది హెచ్చరిక చిత్రాలు, చైనాలోని చుంగ్‌హ్వా సిగరెట్టు ఇందులో ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: చార్మినార్, సికింద్రాబాద్, వజీర్ సుల్తాన్, వ్యాపారచిహ్నం, అరువు ప్రతిష్ఠ, చుంగ్‌హ్వా, హెచ్చరిక చిత్రం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాల గురించిన జ్ఞాపకాల రచనల్లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు, చార్మినార్ సిగరెట్టు తరచు ఒకే వాక్యంలో కనిపిస్తాయి. మొదటి రెండింటి గురించి మురిసిపోవడంలో పెద్ద చిక్కు లేదు. మూడవది అలాంటిది కాదు. అది ఒక కంపెనీ తయారుచేసిన సరుకు. దానికి చట్టబద్ధమైన వ్యాపారచిహ్నం ఉంది. వాడినవారి ఊపిరితిత్తుల మీద దాని ముద్ర ఉంది. అయినా ఆ సిగరెట్టు నగరపు ఆస్తిగా, నగరవాసి తీపిగుర్తుగా చెలామణి కావడానికి కారణమేమిటన్న ప్రశ్నను పట్టణ సంస్కృతి అధ్యయనం అంతగా పట్టించుకోలేదు. పొగాకు ఘాటుగా ఉండేదనీ, ధర తక్కువనీ చెప్పే సమాధానాలు నిజమే కాని చాలవు. ఘాటైన చుట్ట, చవకైన బీడీ తెలుగునాట అంతకుముందే ఉన్నాయి. వాటిలో ఏదీ నగరానికి మారుపేరు కాలేదు.

పొగకు గౌరవం ఎలా వస్తుందో తెలుగు సాహిత్యంలో అందరికంటె బాగా ఎరిగినవాడు గిరీశం. గురజాడ ‘కన్యాశుల్కం’లో అతడు పొగతాగడాన్ని సమర్థించుకోవడానికి పురాణం పేరు చెప్పి ఒక పద్యం వల్లిస్తాడు. అక్కడి హాస్యమంతా ప్రమాణాన్ని అరువు తెచ్చుకోవడంలోనే ఉంది. పొగాకుకు స్వతహాగా లేని పెద్దరికం పురాణం నుంచి దిగుమతి అవుతుంది. ప్రకటనల యుగం గిరీశం చేసిన పనినే పెట్టుబడితో, అచ్చుయంత్రంతో చేసింది. ఈ ప్రక్రియను ‘అరువు ప్రతిష్ఠ’ అనవచ్చు. చార్మినార్ సిగరెట్టు విషయంలో అరువిచ్చినది పురాణం కాదు, ఒక కట్టడం. ఆ అప్పు పత్రం చదవడమే ఇక్కడ చేయవలసిన పని.

2. నాణెం నుంచి పెట్టెకు:

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించిన చార్మినార్ మూడు శతాబ్దాలకు పైగా నగరం నడిబొడ్డున ఉన్న కట్టడం. దాని బొమ్మ జనం చేతుల్లోకి రావడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జరిగింది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన చివరి దశలో యంత్రం మీద ముద్రించిన హైదరాబాద్ రాజ్యపు నాణేల మీద చార్మినార్ చోటు చేసుకుంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అదే కొనసాగింది. బ్రిటిష్ ఇండియా నాణెం మీద చక్రవర్తి తల ఉంటే, నిజాం నాణెం మీద కట్టడం ఉంది. సంతకు పోయిన రైతు, టాంగా తోలేవాడు, పాన్ డబ్బా యజమాని రోజూ చేతులు మార్చుకున్న బొమ్మ అది. ఒక వస్తువుకు విలువ ఉందని, దానికి రాజ్యం పూచీ ఉందని చెప్పే గుర్తుగా చార్మినార్ ముందు నాణెం మీదే స్థిరపడింది.

వజీర్ సుల్తాన్ పొగాకు వ్యాపారం 1916లో మొదలైంది. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నది. సైనికుల కిట్లలో సిగరెట్టు చేరి, ప్రపంచమంతటా పొగతాగే తీరును మార్చిన కాలమది. 1806లో సికందర్ జా పేరున ఏర్పడిన సికింద్రాబాద్ దక్కనులో పెద్ద బ్రిటిష్ దండు. నిజాం రాజ్యం నడుమ ఉన్నా దాని అంగడి, అలవాట్లు, వేషభాషలు వేరు. ఆ కంటోన్మెంటు పక్కన సిగరెట్టు వ్యాపారం ఊపిరి పోసుకోవడం ఆశ్చర్యం కాదు. 1930 నవంబరు 10న వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ లిమిటెడ్‌గా అది నమోదైంది. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల నడుమ, నిజాం పెద్దకుమారుడు ఆజం జా పేరున వెలసిన ఆజమాబాద్ పారిశ్రామికవాడ దాని చిరునామా అయింది.

సిగరెట్టుకు కంపెనీ ఎంచుకున్న పేరు వజీర్ సుల్తాన్ కాదు, చార్మినార్. యజమాని పేరు కంపెనీకి, నగరం పేరు సరుకుకు. ఈ విభజనలో గొప్ప వ్యాపారబుద్ధి ఉంది. నాణెం మీద చూసి నమ్మిన బొమ్మను కొన్నవాడు పెట్టె మీద మళ్ళీ చూశాడు. అక్షరం రానివాడు కూడా దుకాణంలో వేలు చూపించి అడగగలిగిన పేరు అది. దానికి అనువాదం అవసరం లేదు. ఉర్దూ మాట్లాడేవారికీ, తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారికీ అది ఒకటే మాట. బహుభాషా రాజ్యంలో ఇంతకంటె అనువైన వ్యాపారనామం దొరకదు. పెద్దగా మెరుగులు లేని, ఫిల్టరు లేని, పొట్టి సిగరెట్టుకు పెట్టె మీది నాలుగు మీనార్లే అలంకారం.

3. రెండు శాతం రాయితీ చెప్పిన చరిత్ర:

ప్రజాదరణను కొలవడం కష్టం. జ్ఞాపకాలు అతిశయిస్తాయి, ప్రకటనలు అతిశయించడానికే పుట్టాయి. ఈ విషయంలో చరిత్రకారునికి అక్కరకు వచ్చే పత్రం అనుకోని చోట, ఆదాయపు పన్ను వివాదంలో దొరుకుతుంది. వజీర్ సుల్తాన్ అండ్ సన్స్ అనే సంస్థకూ ఆదాయపు పన్ను కమిషనరుకూ నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పింది. పన్ను న్యాయశాస్త్రం చదివేవారికి అది మూలధన రాబడికీ వ్యాపార రాబడికీ తేడా చెప్పే తీర్పు. సాంస్కృతిక చరిత్ర విద్యార్థికి అది ఒక పటం.

ఆ తీర్పులోని విషయం ఇది. 1931లో టొబాకో కంపెనీ ఈ సంస్థను హైదరాబాద్ రాజ్యానికి ఏకైక అమ్మకపు ఏజెంటుగా నియమించి, మొత్తం అమ్మకం ధర మీద 2 శాతం రాయితీ ఇచ్చింది. 1939లో కుదిరిన మరో ఒప్పందం ప్రకారం ఆ రాయితీ రాజ్యం వెలుపల అమ్మిన సరుకుకు కూడా వర్తించింది. 1950లో ఉభయులూ పాత ఏర్పాటుకు, అంటే హైదరాబాద్ రాజ్యానికి మాత్రమే పరిమితమైన ఏజెన్సీకి తిరిగి వచ్చారు. వెలుపలి ప్రాంతం కోల్పోయినందుకు ఏజెంటుకు 2,26,263 రూపాయలు పరిహారంగా ముట్టాయి. ఆ సొమ్ము పన్ను వేయదగిన ఆదాయమా, కాదా అన్నది వివాదం. అది మూలధన రాబడి అని మెజారిటీ తీర్పు.

ఈ మూడు సంవత్సరాలను వరుసలో పెట్టి చదివితే సిగరెట్టు నడిచిన దారి కనబడుతుంది. 1931లో అది రాజ్యంలోపలి సరుకు. దాని ఎల్లలు నాణెం చెల్లే ఎల్లలే. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి నాణెం దాటలేని సరిహద్దును సిగరెట్టు దాటింది. బొమ్మ ఒకటే, రాజ్యం పూచీ ఉన్న బొమ్మ గడప దగ్గర ఆగిపోయింది, కంపెనీ పూచీ ఉన్న బొమ్మ ముందుకు సాగింది. 1950 నాటికి వెలుపలి బజారు రెండు లక్షలకు పైగా చెల్లించి వెనక్కి తీసుకోదగినంత విలువ సంతరించుకుంది. పోలీసు చర్య ముగిసి రాజ్యం భారతదేశంలో విలీనమైన రోజుల్లో జరిగిన లావాదేవీ అది. తీర్పు వెలువడే నాటికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు. 1956లో మూడు ముక్కలైంది. లేని రాజ్యపు సరిహద్దుల విలువను న్యాయస్థానం లెక్కగట్టవలసి వచ్చింది. చార్మినార్ నాణెం సేకరణకర్తల పెట్టెల్లోకి చేరింది. చార్మినార్ సిగరెట్టు మాత్రం బజారులోనే ఉంది.

4. నగరం లేని చార్మినార్:

వెలుపలికి పోయిన పేరు వెలుపల మరో అర్థం తెచ్చుకుంది. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా కాల్చేది చార్మినార్. 1965లో ‘సందేశ్’ పత్రికలో మొదలైన ఆ కథల పాఠకులకు చార్మినార్ అంటే ముందుగా స్ఫురించేది మూసీ ఒడ్డు నగరం కాదు. కలకత్తాలో బాలీగంజ్ యువకుడొకడు ఆలోచనలో పడినప్పటి పొగ. చురుకైన బుద్ధి, పరిమితమైన రాబడి, ఆడంబరం లేని నడవడి — ఈ మూడింటికీ ఆ చవక సిగరెట్టు గుర్తయింది. హైదరాబాద్‌లో స్థానికతను సూచించిన సరుకు కలకత్తాలో మధ్యతరగతి మేధావితనాన్ని సూచించింది. కట్టడం ఇచ్చిన అప్పు అక్కడ వేరే పద్దు కింద ఖర్చయిందన్నమాట. జ్ఞాపకాల రచనలు చెప్పే ‘నగరపు సిగరెట్టు’ అన్న మాట నగరంలోనే చెల్లుతుంది.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. జాకీ ష్రాఫ్ సినిమా కథానాయకుడు కాకముందు చార్మినార్ ప్రకటనల్లో కనిపించాడు. 1980లలో అదే కంపెనీ నుంచి యువతరం కోసం ‘చార్మ్స్’ వచ్చింది. దాని పెట్టె మీద మీనార్లు లేవు; జీన్స్ గుడ్డ నేత ఉంది. పేరులోని మొదటి అక్షరాలు మిగిలాయి, నగరం రాలిపోయింది. అరువు అవసరం తీరాక ఇచ్చినవాడిని మరచిపోవడం లోకంలో ఉన్నదే.

5. జర్దా వేసిన ప్రశ్న:

చార్మినార్ అన్న పేరు ఎవరిదన్న ప్రశ్న సూటిగా న్యాయస్థానం ముందుకు 1996లో వచ్చింది. కంపెనీ ఆ పేరును ‘తయారైన పొగాకు’ అన్న విస్తృత వర్ణన కింద నమోదు చేసుకుంది; తయారుచేసినది మాత్రం సిగరెట్లు. విష్ణుదాస్ అనే పేరున వ్యాపారం చేసే సంస్థ అదే పేరుతో జర్దా, ఖిమామ్ అమ్ముతూ, కంపెనీ నమోదును సిగరెట్లకే పరిమితం చేయాలని కోరింది. తాను తయారుచేయని, తయారుచేసే ఉద్దేశం లేని సరుకు మీద కూడా పేరును గుత్తగా పట్టుకోవడం చెల్లదని 1958 నాటి వ్యాపారచిహ్నాల చట్టం వెలుగులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. నమోదు సిగరెట్లకు కుదించబడింది.

ఈ తీర్పులో సాహిత్య విమర్శకునికి ఆసక్తి కలిగించేది ‘తయారైన పొగాకు’ అన్న మాట మీద జరిగిన వ్యాఖ్యానం. ఒక పదబంధం తనలోకి ఎన్ని వస్తువులను రానిస్తుంది? సిగరెట్టు, జర్దా రెండూ పొగాకు నుంచే వచ్చినా తయారీ వేరు, వాడుక వేరు. కాల్చేది ఒకటి, నమిలేది ఒకటి. న్యాయస్థానం ఆ భేదాన్ని గుర్తించింది; వ్యాపార దృష్టితో చూస్తే అది సరైన పఠనమే. నమిలే పొగాకును వేరే సరుకుగా చూసే ఈ దృష్టి బజారులో దాన్ని ఆరోగ్య చర్చకు కూడా దూరం చేయడమే విచారకరం. 2016–17 జాతీయ సర్వే లెక్కన దేశంలో వయోజనుల్లో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్టు తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. సిగరెట్టుకు ఉన్న సాంస్కృతిక ప్రతిష్ఠకూ, పొగాకు నిజంగా జనంలో ఉన్న తీరుకూ ఎంత దూరమో ఈ అంకెల్లో ఉంది.

మరొక మాట. వివాదంలోని ఇద్దరికీ కావలసినది ఒకే పేరు. ఆ పేరుకు ఆకర్షణ ఇచ్చిన కట్టడం గాని, దాన్ని నాలుగు వందల ఏళ్ళుగా తమదనుకుంటున్న నగరం గాని ఆ వ్యాజ్యంలో పక్షం కాదు. హద్దు గీసినది సిగరెట్టుకూ జర్దాకూ మధ్య. సరుకుకూ నగరానికీ మధ్య హద్దు గీయమని అడిగినవారు లేరు.

6. తియానన్‌మెన్, చార్మినార్:

కట్టడం బొమ్మతో సిగరెట్టు అమ్మడం హైదరాబాద్‌కే ప్రత్యేకం కాదు. చైనాలో 1951లో షాంఘై నుంచి వచ్చిన చుంగ్‌హ్వా సిగరెట్టు ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆ పేరుకు అర్థమే చైనా. ఎర్రని పెట్టె మీద బీజింగ్‌లోని తియానన్‌మెన్ ద్వారం, దాని ముందున్న శిలాస్తంభం ఉంటాయి. అంతకు రెండేళ్ళ ముందే, 1949 అక్టోబరు 1న, ఆ ద్వారం మీద నుంచే కొత్త రాజ్యం ప్రకటించబడింది.

చైనా సిగరెట్టు చరిత్రకు దీనికి ముందు మరో ఘట్టం ఉంది. 1902లో ఏర్పడిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో సంస్థ చైనా బజారును ముంచెత్తింది. దానికి పోటీగా హాంకాంగ్‌లో 1905లో పుట్టిన నాన్‌యాంగ్ బ్రదర్స్ సంస్థ తన సిగరెట్టును స్వదేశీ వస్తువుగా ప్రచారం చేసుకుంది. 1925లో షాంఘై కాల్పుల తర్వాత సాగిన బహిష్కరణలో విదేశీ సిగరెట్టు ఒక లక్ష్యం. అక్కడ సిగరెట్టు పెట్టె జాతీయతకు వేదికైంది. ఇక్కడ అంత స్పష్టమైన గీత లేదు. స్థానిక రూపం ధరించిన చార్మినార్ కంపెనీలో నేడు మూడో వంతుకు దగ్గరగా వాటా అదే బ్రిటిష్ అమెరికన్ టొబాకో సముదాయానిది. పెట్టె మీది బొమ్మను బట్టి పెట్టుబడి పుట్టిల్లు చెప్పలేమనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

రెండు కట్టడాల అరువులోనూ పెద్ద తేడా ఒకటి ఉంది. చుంగ్‌హ్వా ఖరీదైనది, పెళ్ళిళ్ళలో పంచేది, పెద్దలకు కానుకగా పట్టుకుపోయేది. చార్మినార్ కూలివాడు కూడా విడిగా ఒకటి రెండు కొనుక్కోగలిగినది. చైనాలో ద్వారమూ రాజ్యానిదే, సిగరెట్టు ఫ్యాక్టరీ కూడా రాజ్యానిదే. పేరు మీది హక్కు గురించి జర్దా వ్యాపారి ఎవరూ కోర్టుకు పోనక్కరలేదు. హైదరాబాద్‌లో కట్టడం ప్రజలది, పెట్టె కంపెనీది. అందుకే పేరు న్యాయస్థానాల చుట్టూ తిరిగింది.

ఈ తేడా ప్రభావం ఎక్కడ తేలిందో చూడదగినది. భారతదేశంలో 1975 చట్టం సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక వాక్యం తప్పనిసరి చేసింది. 2003 చట్టం ప్రకటనలను నిషేధించింది. 2009 మే 31 నుంచి హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుంచి పెట్టె ముందు వెనుకల 85 శాతం జాగా ఆ బొమ్మలదే. నాలుగు మీనార్లకు మిగిలినది అడుగున సన్నని పట్టీ. చైనా ప్రధాన భూభాగంలో అమ్మే పెట్టెల మీద మాత్రం ఉన్నది అక్షరాల హెచ్చరికే; వ్యాధి బొమ్మ లేదు. అందువల్ల తియానన్‌మెన్ ద్వారం చెక్కు చెదరక నిలిచింది. అమ్మేవాడూ హెచ్చరించవలసినవాడూ ఒకరే అయినచోట కట్టడం పదిలంగా ఉంది. ఆ ఇద్దరూ వేరైనచోట కట్టడం పక్కకు జరిగి రోగి బొమ్మకు చోటిచ్చింది. చార్మినార్ బొమ్మ కుంచించుకుపోవడం చూసి పాత సౌందర్యం పోయిందని వాపోయేవారు ఈ పోలికను ఒకసారి గమనించాలి. ఒకప్పటి పెట్టె అందంగా కనిపించడానికి కారణం అందులోని సరుకు ఏం చేస్తుందో దాని మీద లేకపోవడమే.

7. పెట్టె మీద లేనివారు:

కట్టడం, కంపెనీ, కోర్టు, హెచ్చరిక — ఇన్నింటి నడుమ పెట్టె మీద ఎన్నడూ కనిపించనివారు కొందరున్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతులు ఒకరు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగానే పనిచేస్తున్నది. బ్యారన్ల వేడిలో ఆకు పండించే కుటుంబాలకు సిగరెట్టు ఒక సంస్కృతి చిహ్నం కాదు, వేలం కేంద్రంలో పలికే ధర. ఆ ధర పడిపోయిన 2015లో ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు సంభవించాయి. సిగరెట్టు కంటె ఎక్కువమంది తాగే బీడీని నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల మహిళలు ఇళ్ళలో కూర్చుని చుడతారు. ఏ బీడీకీ నగరపు జ్ఞాపకాల్లో సిగరెట్టుతో సమానమైన పేజీ దక్కలేదు. పొగ గురించిన మన రచనలో వర్గభేదం పొగలోనే మొదలవుతుంది.

ఫ్యాక్టరీ కార్మికుల సంగతి కొంత మెరుగు. ఆజమాబాద్ కార్మిక ఉద్యమం నుంచి వచ్చిన నాయిని నర్సింహారెడ్డి ఈ కంపెనీ కార్మిక సంఘానికి నాయకత్వం వహించి, 1978లో ముషీరాబాద్ నుంచి శాసనసభకు ఎన్నికై, తెలంగాణ తొలి ప్రభుత్వంలో హోంమంత్రి అయ్యారు. 2020లో మరణించారు. ఇందిరా పార్కు నుంచి ఫ్యాక్టరీ కూడలి వరకు కట్టిన ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న ప్రారంభమైనప్పుడు దానికి ఆయన పేరు పెట్టారు. ఒక సిగరెట్టు కంపెనీ పరిసరాల్లో యజమాని పేరు గాని సరుకు పేరు గాని కాక కార్మిక నాయకుని పేరు శాశ్వతంగా నిలవడం అరుదైన విషయం.

అయితే వంతెన మీద పోయేవారి నోట వినిపించేది వి.ఎస్.టి. బ్రిడ్జి అన్న మాటే. సికింద్రాబాద్ నుంచి వచ్చే బస్సుల్లో కూడలి పేరు కూడా వి.ఎస్.టి. ఆ మూడక్షరాల విస్తరణ వజీర్ సుల్తాన్ టొబాకో. 1983లో కంపెనీ తన పేరును వి.ఎస్.టి. ఇండస్ట్రీస్‌గా మార్చుకున్నప్పుడు పొగాకు అన్న మాట బయటికి వినబడకుండా మూడవ అక్షరంలో దాక్కుంది.